ముల్లు ఆయుష్షు: రికార్డు ప్లేయర్ కార్ట్రిడ్జ్ ఎంతకాలం మన్నుతుంది?

రికార్డు గాడిలోని వంపులను విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న పరికరం ఫోనో కార్ట్రిడ్జ్. టోన్‌ఆర్మ్ కొసన బిగించి ఉండే దీనిలో ముఖ్యమైన భాగాలు నాలుగు. గాడిని తాకేది వజ్రపు ముల్లు, అంటే స్టైలస్. ఆ ముల్లును మోసే సన్నని కడ్డీ కాంటిలీవర్. కడ్డీని స్వేచ్ఛగా కదలనిస్తూనే అదుపులో పెట్టేది దాని మొదట్లో ఉండే రబ్బరు ముక్క. కదలికను విద్యుత్తుగా మార్చేవి అయస్కాంతం, తీగచుట్టలు. అయస్కాంతం కదిలే రకాన్ని మూవింగ్ మాగ్నెట్ (ఎంఎం) అనీ, తీగచుట్ట కదిలే రకాన్ని మూవింగ్ కాయిల్ (ఎంసీ) అనీ అంటారు.

ఇది ఎంతకాలం మన్నుతుందన్న ప్రశ్నకు దొరికే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. ఒక తయారీదారు 300 గంటలంటాడు, మరొకరు 1000 గంటలంటారు. నలభై ఏళ్లనాటి కార్ట్రిడ్జ్ ఇంకా పాడుతోందని చూపించేవారూ ఉన్నారు. ఈ తేడాకు కారణం కార్ట్రిడ్జ్‌కు ఒకే వయసు లేకపోవడం. వజ్రం అది నడిచిన దూరాన్ని బట్టి అరుగుతుంది. రబ్బరు వాడినా వాడకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది. అయస్కాంతం, తీగచుట్టలు మామూలుగా ముదరవు, ప్రమాదం వల్లనో తేమ వల్లనో పాడవుతాయి. ఈ మూడు వయసులనూ విడివిడిగా లెక్కించినప్పుడే ప్రశ్నకు సరైన జవాబు దొరుకుతుంది.

గాడిలో నడక

12 అంగుళాల ఎల్పీ రికార్డు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల వేగంతో జారిపోతుంది. లోపలి చుట్లకు వచ్చేసరికి ఆ వేగం 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. సగటున 36 సెంటీమీటర్లు అనుకుంటే, 20 నిమిషాల ఒక వైపు పూర్తయ్యేసరికి ముల్లు దాదాపు 430 మీటర్లు నడుస్తుంది. గంటకు 1.3 కిలోమీటర్లు, 500 గంటలకు 650 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నం దాకా రోడ్డు వెంట పోతే ఇంచుమించు అంతే దూరం. అంత దూరమూ ముల్లు గాడి గోడలను ఒరుసుకుంటూనే పోతుంది.

దానిపై ఉండే బరువు, అంటే ట్రాకింగ్ బరువు, చూడ్డానికి చాలా తక్కువ, రెండు గ్రాములు. కానీ గాడి రెండు గోడలూ 45 డిగ్రీల వాలులో ఉంటాయి కాబట్టి ఒక్కో గోడ మీద 1.4 గ్రాముల బలం పడుతుంది. అది పడే చోటు చదరపు మైక్రాన్లలో కొలవవలసినంత చిన్నది. తాకే వైశాల్యం 50 చదరపు మైక్రాన్లు అనుకుంటే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2,800 కిలోలవుతుంది. వినైల్ ఆ ఒత్తిడికి క్షణకాలం నొక్కుకుపోయి తిరిగి లేస్తుంది. ఈ సాగే గుణమే రికార్డును కాపాడుతోంది. వజ్రానికి ఆ గుణం లేదు. అందుకే అరుగుదల దాని వంతవుతుంది.

ఉక్కు నుంచి వజ్రం దాకా

78 చుట్ల రికార్డుల కాలంలో ముల్లు ఆయుష్షు గంటల్లో కాదు, నిమిషాల్లో ఉండేది. గ్రామఫోను సౌండ్‌బాక్స్ బరువు వంద గ్రాముల పైమాటే. లక్క రికార్డుల్లో రాతిపొడి కలిపేవారు. కొత్త ఉక్కు ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే అరిగి గాడి ఆకారానికి సర్దుకునేది. పాట ముగిసేసరికి అది మొద్దుబారేది. ఒక్కో వైపుకు ఒక్కో ముల్లు వాడాలన్నది ఆనాటి నియమం. గ్రామఫోను పెట్టెలో కొత్త ముళ్లకు ఒక గిన్నె, పాతవాటికి మరో గిన్నె ఉండేవి అందుకే. ఖర్చు మిగుల్చుకోవాలని ఒకే ముల్లుతో నాలుగైదు పాటలు వాయించిన ఇళ్లలోని రికార్డుల గాడులు ఈనాటికీ బూడిద రంగులో పాలిపోయి కనిపిస్తాయి.

మార్చనక్కర్లేని వజ్రపు ముల్లును ఎడిసన్ 1912లోనే తన డైమండ్ డిస్క్ యంత్రాల్లో వాడాడు. మిగతా ప్రపంచానికి దాని అవసరం 1948లో కొలంబియా సంస్థ ఎల్పీని తెచ్చాక ఏర్పడింది. ఎల్పీ గాడి సన్నం. 78 రికార్డు ముల్లు కొన వ్యాసార్ధం 65 నుంచి 75 మైక్రాన్లయితే మోనో ఎల్పీకి 25, ఆ తర్వాత వచ్చిన స్టీరియోకు 15 నుంచి 18 మైక్రాన్లు కావలసి వచ్చింది. అంత సన్నని కొన ఉక్కుతో నిలవదు. మొదట చౌకగా దొరికిన నీలమణి ముళ్లు వచ్చాయి. అవి పదుల గంటల్లోనే అరిగిపోయేవి. కాఠిన్యపు కొలబద్ద మీద నీలమణిది 9, వజ్రానిది 10. అంకెల్లో ఒక్క మెట్టు తేడాగా కనిపించినా అరుగుదలలో అది అనేక రెట్ల తేడా. హెరాల్డ్ వైలర్ 1954లో రికార్డుల, ముళ్ల అరుగుదల మీద రాసిన చిన్న పుస్తకంలో అరిగిన ముళ్ల సూక్ష్మదర్శిని ఫోటోలను, అవి పాడుచేసిన గాడులను పక్కపక్కన చూపించాడు. ముల్లు మార్చడమంటే రికార్డును కాపాడడమేనన్న అవగాహన ఇలాంటి రచనల వల్లే బలపడింది.

వజ్రం అరిగే తీరు

మెత్తని వినైల్ మీద వజ్రం అరగడం వింతగా తోచవచ్చు. గాడిలో వినైల్ ఒక్కటే ఉండదు. గాలిలోని దుమ్ములో సిలికా, అంటే ఇసుక రేణువులు ఉంటాయి. వాటి కాఠిన్యం 7. అవి వినైల్‌లో దిగబడి గాడిని గరుకు కాగితంలా మారుస్తాయి. పైగా వజ్రం అన్ని దిక్కులా ఒకేలా గట్టిగా ఉండదు. స్ఫటికంలోని కొన్ని దిశల్లో తేలిగ్గా అరుగుతుంది. ఖరీదైన ముళ్లలో గట్టి దిశ గాడికి ఎదురుగా వచ్చేలా వజ్రాన్ని చూసి అమర్చడానికి కారణం ఇదే.

కొత్త గుండ్రటి ముల్లు కొన బంతిలా ఉంటుంది. గాడి రెండు గోడలను తాకే చోట్ల కాలక్రమంలో రెండు చదును ముఖాలు ఏర్పడతాయి. సూక్ష్మదర్శిని కింద పక్కనుంచి వెలుతురు వేసి చూస్తే అవి అద్దం ముక్కల్లా తళుక్కుమంటాయి. అరుగుదలకు ఇదే తిరుగులేని సాక్ష్యం.

ఈ చదును ఎంత వెడల్పయితే ప్రమాదమో లెక్క కట్టవచ్చు. లోపలి చుట్లలో 15,000 హెర్ట్జ్ ధ్వని ఒక్కో అల పొడవు 14 మైక్రాన్లు, అందులో సగం 7 మైక్రాన్లు. ముల్లు మీది చదును 7 మైక్రాన్లకు చేరితే అది ఆ అల లోయలోకి దిగలేదు, శిఖరాల మీదుగా ఈడ్చుకుంటూ పోతుంది. 18 మైక్రాన్ల వ్యాసార్ధం గల కొన మీద 7 మైక్రాన్ల చదును రావడానికి అరగవలసిన లోతు మైక్రానులో మూడోవంతు మాత్రమే. తలవెంట్రుక మందంలో రెండు వందలో వంతు అరిగితే చాలు, ముల్లు తన పనిలో కొంత చేయలేకపోతుంది.

ఇదే లెక్కలో రెండో సంగతి ఉంది. చదును వెడల్పు రెట్టింపు కావాలంటే అరిగే లోతు నాలుగు రెట్లు, పోయే వజ్రం పదహారు రెట్లు కావాలి. గంటగంటకూ పోయే వజ్రం ఇంచుమించు సమానమనుకుంటే, చదును మొదట త్వరగా ఏర్పడి తర్వాత చాలా నిదానంగా పెరుగుతుంది. కాబట్టి ముల్లు ఏదో ఒక రోజున హఠాత్తుగా చావదు. ధ్వని వారంవారం వెంట్రుకవాసి చొప్పున తగ్గుతూ పోతుంది, చెవి ఆ మార్పుకు అలవాటు పడిపోతుంది. సొంత రికార్డులను రోజూ వినేవారికే ముల్లు అరిగిన సంగతి అందరికంటే ఆలస్యంగా తెలియడానికి కారణం ఇదే.

చదును పెరిగేకొద్దీ దాని అంచులు పదునెక్కుతాయి. అప్పుడది గాడిలో జారే బంతి కాదు, గోడలను చెక్కే ఉలి. గోడల మీది అతి సూక్ష్మమైన అలలు ముందుగా చెక్కుకుపోతాయి. అంటే తాళాల తళుకు, వయొలిన్ కొస, గాయకుడి ఊష్మాక్షరాలు రికార్డులోంచే పోతాయి. తర్వాత ఎంత మంచి ముల్లు పెట్టినా అవి తిరిగి రావు.

ఆకారాలు, గంటల అంకెలు

గుండ్రటి ముల్లు తర్వాత అండాకారపు ముల్లు వచ్చింది. దాని పక్క వ్యాసార్ధం 5 నుంచి 8 మైక్రాన్లు. సన్నని అలల్లోకి బాగా దిగుతుంది, కానీ తాకే చోటు చిన్నదైనందున ఒత్తిడి పెరుగుతుంది. 1970ల మొదట్లో నాలుగు చానెళ్ల సీడీ-4 రికార్డులు వచ్చాయి. వాటిలో 30,000 హెర్ట్జ్ వాహక తరంగం మీద 45,000 హెర్ట్జ్ దాకా సంకేతాలుండేవి. వాటిని చదవడానికి జపాన్‌లోని జేవీసీలో నోరియో షిబాటా కొత్త ఆకారం రూపొందించాడు. ఆ ముల్లు గాడి గోడను ఒక చుక్కగా కాక, నిలువు గీతగా తాకుతుంది. ఒత్తిడి పొడవునా పంచుకోవడంతో అరుగుదల తగ్గింది. తర్వాత వచ్చిన మైక్రోలైన్, మైక్రోరిడ్జ్ రకాల్లో తాకే అంచును సన్నని గట్టులా చెక్కారు. ఆ గట్టు కొంతమేర అరిగినా వెడల్పు మారదు. చాలాకాలం వాడిన పెన్సిల్ మొద్దుబారుతుంది, సన్నని సీసపు కడ్డీ ఉన్న మెకానికల్ పెన్సిల్ గీత మాత్రం అదే సన్నదనంలో ఉంటుంది. గుండ్రటి ముల్లుకూ ఈ గట్టు ముల్లుకూ మధ్య తేడా అలాంటిదే.

తయారీదారుల అంకెలు ఈ క్రమాన్నే చూపిస్తాయి. ఆడియో-టెక్నికా అండాకారపు ముల్లుకు 300, గుండ్రటిదానికి 500, షిబాటాకు 800, మైక్రోలైన్‌కు 1000 గంటలు చెబుతుంది. సరైన సంరక్షణ ఉంటే ధ్వని తగ్గకుండా 1000 గంటల దాకా వాడవచ్చని డెన్మార్క్‌కు చెందిన ఆర్టోఫాన్ అంటుంది. 1873లో కుట్టుసూదుల తయారీతో మొదలైన జపాన్ సంస్థ జికో మాత్రం షిబాటాకు 400, తన అత్యున్నత ఎస్ఏఎస్ ముల్లుకు 500 గంటలే చెబుతుంది.

ఒకే షిబాటా ఆకారానికి ఒకచోట 800, మరోచోట 400. ఇందులో ఒకరిది అబద్ధమనుకోనక్కర్లేదు. జికో లెక్కించేది పైస్థాయి ధ్వనుల్లో వక్రీకరణ ఒక హద్దు దాటని కాలం. ముల్లు వాడకానికి పనికిరాకుండా పోయేది ఆ తర్వాత ఎప్పుడో. ఆయుష్షు ఎంత అని అడిగే ముందు ఏ హద్దు దాకా అన్నది తేల్చుకోవాలి. ఆ హద్దులు మూడు: ధ్వనిలో తొలి తరుగు, చెవికి తెలిసే వక్రీకరణ, రికార్డుకు హాని. రికార్డులను దాచుకునేవారు మొదటి రెండు హద్దుల మధ్యే ఆగాలి. ఏ తయారీదారు అంకెనైనా గడువుగా కాక, పరీక్షకు పిలుపుగా తీసుకోవడం మేలు.

గంటలంటే తెలియనివారికి మరో లెక్క. రోజుకు ఒక ఎల్పీ, అంటే 40 నిమిషాలు వింటే 500 గంటలకు రెండేళ్లకు పైగా పడుతుంది, 1000 గంటలకు నాలుగేళ్లు దాటుతుంది.

రబ్బరు వయసు

వజ్రం గంటలతో అరిగితే, కాంటిలీవర్‌ను పట్టుకున్న రబ్బరు ఏళ్లతో ముదురుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి దాని అణుబంధాలను మారుస్తాయి. కొన్ని రబ్బర్లు గట్టిపడతాయి, కొన్ని మెత్తబడి జిగటగా తయారవుతాయి. మారే గుణాన్ని కంప్లయన్స్ అంటారు, అంటే కాంటిలీవర్ ఎంత తేలిగ్గా కదలగలదన్న కొలత.

దీని ప్రభావం ఒక ఉదాహరణతో స్పష్టమవుతుంది. టోన్‌ఆర్మ్, కార్ట్రిడ్జ్ కలిసి ఒక స్ప్రింగుకు కట్టిన బరువులా ఊగుతాయి. ఆ ఊగే పౌనఃపున్యం 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండాలి. దానికి దిగువన వంకర రికార్డు ఎగుడుదిగుళ్లు ఉంటాయి, ఎగువన సంగీతం మొదలవుతుంది. మొత్తం బరువు 18 గ్రాములు, కంప్లయన్స్ 15 ఉన్నప్పుడు అది 9.7 హెర్ట్జ్. రబ్బరు గట్టిపడి కంప్లయన్స్ 8కి పడితే 13 హెర్ట్జ్ దాటుతుంది. ముల్లు మృదంగం గుమకీని తట్టుకోలేక గాడి నుంచి ఎగిరిపడుతుంది. రబ్బరు మెత్తబడి కంప్లయన్స్ 30కి పెరిగితే 7 హెర్ట్జ్ లోపుకు జారుతుంది. రికార్డు కాస్త వంకరగా ఉన్నా టోన్‌ఆర్మ్ ఈదులాడుతుంది. కార్ట్రిడ్జ్ పొట్ట రికార్డును రాసుకుంటుంది.

కాబట్టి పెట్టె విప్పని నలభై ఏళ్లనాటి ముల్లును కొత్త ముల్లుగా లెక్కించకూడదు. దాని వజ్రం కొత్తది, రబ్బరు పాతది. ఇలాంటి పాత నిల్వ ముళ్లకు మంచి ధర పలుకుతున్న ఈ రోజుల్లో కొనేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. కొన్ని రబ్బర్లు దశాబ్దాలు గడిచినా చెక్కుచెదరవు, కొన్ని పదేళ్లకే బిగుసుకుంటాయి. వాయించి చూడడం తప్ప బయటి నుంచి పోల్చుకునే మార్గం లేదు.

వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. వేడికి రబ్బరు వదులవుతుంది, చలికి బిగుస్తుంది. చాలా కార్ట్రిడ్జ్‌లను 20 నుంచి 25 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకుని రూపొందిస్తారు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం గది వేడి దానికి చాలా ఎక్కువ. అలాంటి చోట సాయంత్రం చల్లబడ్డాక వినడం, ప్లేయర్‌ను కిటికీ ఎండకు దూరంగా ఉంచడం రబ్బరుకు మంచిది. కొత్త రబ్బరు తొలి 20 నుంచి 50 గంటల్లో కొద్దిగా సడలి స్థిరపడుతుంది కాబట్టి ఆ తర్వాత ట్రాకింగ్ బరువును మళ్లీ సరిచూడాలి.

అయస్కాంతం, తీగచుట్ట, స్ఫటికం

అయస్కాంతాలు మామూలు వాడకంలో తమ బలాన్ని దశాబ్దాలపాటు నిలుపుకుంటాయి. తీగచుట్టలూ అంతే, కానీ వాటి తీగ వెంట్రుక కంటే సన్నం. తేమ, ఉప్పుగాలి వల్ల తుప్పు పట్టి తెగితే ఒక చానెల్ మూగబోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపట్టణాల్లో వెనక పిన్నులకు, కార్ట్రిడ్జ్‌ను టోన్‌ఆర్మ్‌కు బిగించే హెడ్‌షెల్ తీగల కొసలకు పట్టే మకిలే చాలాసార్లు అసలు దోషి. వాటిని తుడిచి బిగిస్తే ధ్వని తిరిగి వస్తుంది.

కాలానికి అన్నిటికంటే ముందు తలవంచినవి స్ఫటిక కార్ట్రిడ్జ్‌లు. వాటిలో రోషెల్ లవణపు పలక వంగినప్పుడు విద్యుత్తు పుట్టేది. ఆ లవణం తేమకు కరుగుతుంది, 55 డిగ్రీల వేడికే తన నీటిని పోగొట్టుకుంటుంది. మన వానాకాలానికి, ఎండాకాలానికి రెంటికీ అది తట్టుకోలేదు. దాని స్థానంలో వచ్చిన సెరామిక్ రకం గట్టిది. హెచ్ఎంవీ ఫియెస్టా వంటి సూట్‌కేసు ప్లేయర్లలో వచ్చినవి ఈ కోవకు చెందినవే. వీటికి ట్రాకింగ్ బరువు ఎక్కువ, తరచు 5 గ్రాములు దాటుతుంది. 78కి ఒకవైపు, ఎల్పీకి ఒకవైపు తిప్పుకునే ముల్లు చాలావాటిలో ఉండేది. పొరపాటున 78 ముల్లుతో వాయించిన ఎల్పీలు పాత సంచయాల్లో ఇప్పటికీ దొరుకుతాయి.

ఆయుష్షును తగ్గించేవి, పెంచేవి

అన్నిటికంటే పెద్ద శత్రువు దుమ్ము. ప్రతిసారీ కార్బన్ ఫైబర్ బ్రష్‌తో రికార్డును తుడవడం, ముల్లును చిన్న బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే శుభ్రం చేయడం అవసరం. పక్కలకు తుడిస్తే కాంటిలీవర్ విరుగుతుంది. ఆల్కహాల్ వాడితే వజ్రాన్ని పట్టి ఉంచిన జిగురు వదలవచ్చు, రబ్బరు దెబ్బతినవచ్చు. తయారీదారు చెప్పిన ద్రవం తప్ప మరొకటి తాకించకపోవడం మంచిది.

ట్రాకింగ్ బరువు తగ్గిస్తే ముల్లు ఎక్కువకాలం మన్నుతుందన్న నమ్మకం బలంగా ఉంది. అది సగమే నిజం. బరువు చాలకపోతే ముల్లు గట్టి స్వరాల దగ్గర గోడను వదిలి మళ్లీ ఢీకొంటుంది. స్థిరమైన ఒత్తిడి కంటే ఆ దెబ్బలు గాడికి ఎక్కువ హాని చేస్తాయి. తయారీదారు ఇచ్చిన పరిధిలో మధ్య నుంచి పై అంచు దాకా ఉంచడం క్షేమం. టోన్‌ఆర్మ్ లోపలి వైపుకు లాగబడకుండా సరిచేసే యాంటీస్కేటింగ్ తప్పితే ఒకవైపు చదును రెండోదాని కంటే పెద్దదవుతుంది. అమరిక కోణం తప్పితే సన్నని గీతలా తాకే ముళ్లు తమ మేలును పోగొట్టుకుంటాయి.

అరుగుదలను పసిగట్టడం

చెవికి తొలి గుర్తు ఊష్మాక్షరాలు. శ, ష, స ధ్వనుల బలం 5,000 నుంచి 10,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ఘంటసాల భగవద్గీత వంటి శ్లోకాల రికార్డు పరీక్షకు చక్కగా పనికొస్తుంది. సంస్కృత పదాల్లో ఈ అక్షరాలు అడుగడుగునా వస్తాయి. అంచు దగ్గరి శ్లోకాల్లో స్పష్టంగా ఉన్న సకారం లోపలి చుట్లలో ఉమ్మి తుంపరలా చీలితే ముల్లునో, అమరికనో అనుమానించాలి. అదే గరగర ఒక్క రికార్డుకే పరిమితమైతే దోషం ఆ రికార్డుది. కొత్త రికార్డు లోపలి చుట్లలో కూడా వినిపిస్తే ముల్లుది.

కంటికి గుర్తులు వేరు. ముందు నుంచి చూస్తే కాంటిలీవర్ నిటారుగా ఉండాలి. పక్కకు వాలినా, కార్ట్రిడ్జ్ పొట్ట రికార్డుకు మరీ దగ్గరైనా అది రబ్బరు లోపం. వజ్రాన్ని చూడడానికి 200 రెట్లు పెంచి చూపే సూక్ష్మదర్శిని, పక్కనుంచి పడే వెలుతురు కావాలి. ఒక చానెల్ ఆగిపోతే హెడ్‌షెల్ దగ్గర ఎడమ, కుడి తీగలను మార్చి చూడాలి. మౌనం రెండోవైపుకు మారితే లోపం కార్ట్రిడ్జ్‌లో, మారకపోతే అవతలి తీగల్లోనో ఆంప్లిఫయర్‌లోనో ఉన్నట్టు.

ఇన్ని పరీక్షల కంటే తేలికైనది లెక్క రాసుకోవడం. ప్లేయర్ పక్కన చిన్న పుస్తకం పెట్టి, ఒక్కో వైపు వాయించినప్పుడల్లా ఒక గీత గీస్తే చాలు. 1,500 గీతలంటే 500 గంటలు. ముల్లు పెట్టిన తేదీ కూడా రాసి ఉంటే రబ్బరు వయసూ తెలుస్తుంది.

ముల్లు మార్చడం, మరమ్మతు

ఎంఎం కార్ట్రిడ్జ్‌లో ముల్లు భాగాన్ని ఇంట్లోనే ఊడదీసి కొత్తది తొడగవచ్చు. దానితోపాటు వజ్రం, కాంటిలీవర్, రబ్బరు, అయస్కాంతం అన్నీ కొత్తవవుతాయి. పాతగా మిగిలేది తీగచుట్టలున్న దేహం మాత్రమే, అది ముదిరేది కాదు. ఎక్కువగా వినేవారికి ఈ రకం లాభసాటి కావడానికి కారణం ఇదే.

ఎంసీ రకాల్లో ఎక్కువ భాగం ముల్లు ఊడదు. కార్ట్రిడ్జ్‌ను తయారీదారుకు తిరిగి ఇచ్చి తగ్గింపు ధరకు కొత్తది తీసుకోవాలి, లేదా నిపుణుడి చేత కొత్త వజ్రం అతికించుకోవాలి. రెండో పద్ధతిని రీటిప్పింగ్ అంటారు. అందులో వజ్రం వయసు సున్నాకు వస్తుంది, రబ్బరు వయసు అలాగే ఉంటుంది. ఇరవై ఏళ్లనాటి కార్ట్రిడ్జ్‌కు రీటిప్పింగ్ చేయించేటప్పుడు రబ్బరు సంగతి కూడా అడిగి, అవసరమైతే దాన్నీ మార్పించుకోవాలి. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే కోసం 1960ల మొదట్లో రూపొందిన డెనాన్ డీఎల్-103 గుండ్రటి ముల్లుతో, 2.5 గ్రాముల బరువుతో ఇప్పటికీ తయారవుతోంది. అలాంటి రకానికి పాతదాన్ని బతికించడం కంటే కొత్తది కొనడమే తేలిక. తయారీ ఆగిపోయిన అరుదైన రకాలకు మరమ్మతు ఒక్కటే దారి.

మొత్తమ్మీద లెక్క ఇలా తేలుతుంది. శుభ్రంగా వాడిన గుండ్రటి, అండాకారపు ముళ్లను 300 గంటల దగ్గర పరీక్షించి 500 లోపు మార్చాలి. గీతలా తాకే ముళ్లను 500 దగ్గర పరీక్షించి 1000 లోపు మార్చాలి. ఎంత తక్కువ వాడినా పదేళ్లు దాటిన రబ్బరును అనుమానంతోనే చూడాలి. ముల్లు ఎప్పుడైనా బజారులో దొరుకుతుంది. పాత తెలుగు పాటల, పద్యాల, హరికథల రికార్డుల్లో చాలావాటిని మళ్లీ అచ్చువేసేవారు లేరు. ఈ రెండింటిలో ఏది అరగడం మేలో తెలిసినవారు ముల్లును కాస్త ముందుగానే మారుస్తారు.